జర్మన్ బండి, పాలమూరు రోడ్డు

కొత్త చిన్న కారుకు పెట్టే డబ్బులో సగానికే జర్మన్ బండి వస్తుందంటే ఎవరికైనా మనసు లాగుతుంది. తలుపు వేస్తే దిట్టంగా పడుతుంది. హైవే మీద వంద దాటినా స్టీరింగ్ వణకదు. వీధిలోకి వస్తే నలుగురూ తల తిప్పి చూస్తారు. మొదటి రెండూ నిజమైన గుణాలే, వాటికి డబ్బు పెట్టొచ్చు. మూడోదానికి పెట్టే డబ్బే తర్వాత ఏడిపిస్తుంది. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాల్లో ఉంటూ సెకండ్ హ్యాండ్‌లో వోక్స్‌వ్యాగన్ కొనాలనుకునేవాళ్ల కోసం ఈ అధ్యాయం. ఊళ్ల పేర్లు అలంకారానికి చెప్పడం లేదు. కూకట్‌పల్లిలో ఉండేవాడికి మంచి బేరమైన కారే అచ్చంపేటలో ఉండేవాడికి మెడకు గుదిబండ కావచ్చు.

కారణం దూరం. మన పట్టణాల్లో మారుతి మెకానిక్ వీధికొకడు దొరుకుతాడు. బొలెరో అయితే ట్రాక్టర్లు చేసే అబ్బాయి కూడా చెయ్యి పెడతాడు. పోలో బానెట్ ఎత్తగానే ఆ ధైర్యం సగం మందిలో ఉండదు. సెన్సర్ పోయిందా, వైరింగ్ పోయిందా అన్నది స్కానర్ పెడితే తప్ప తేలదు. స్కానర్ ఉన్నా, అందులో వచ్చిన కోడ్‌కు అర్థం తెలిసినవాడు కావాలి. పార్టు ఆర్డరిచ్చి వచ్చేదాకా బండి షెడ్డులోనే ఉంటుంది. అందుకని బండి చూడటానికి వెళ్లక ముందే మెకానిక్‌ను వెతకండి. గద్వాల వాళ్లకు కర్నూలు దగ్గర, నాగర్‌కర్నూలు వాళ్లకు హైదరాబాద్ దగ్గర, వనపర్తి వాళ్లు ఎటైనా పోవచ్చు. ఫోన్ చేసి సూటిగా అడగండి: ‘అన్నా, వెంటో డీజిల్‌కు టైమింగ్ బెల్ట్ కిట్ ఎంతైతది? నీ దగ్గర ఎన్ని పోలోలు వస్తయి?’ ఇద్దరు ముగ్గురిని అడిగితే చేసేవాడెవడో, చేస్తానని చెప్పేవాడెవడో తెలిసిపోతుంది. చేసేవాడు ఒక్కడూ దొరక్కపోతే ఈ అధ్యాయం ఇక్కడే మూసేసి బలెనోనో, ఐ20నో చూసుకోండి. అందులో చిన్నతనం ఏమీ లేదు.

దొరికాడనుకుందాం. ఇప్పుడు ఏ బండి?

వోక్స్‌వ్యాగన్ పేరుతో మన మార్కెట్‌లో ఎక్కువగా తిరిగేవి పోలో, వెంటో. రెండూ పుణె దగ్గర చకన్ ఫ్యాక్టరీలో తయారై 2010లో రోడ్డెక్కాయి. 2022 నాటికి పోలో ఆగిపోయింది. ఆ ఏడాదే వెంటో స్థానంలో వర్టస్ వచ్చింది. మధ్యలో వచ్చిన ఏమియో 2020 దాకే నడిచింది. టైగన్ 2021లో వచ్చింది. అంటే ఇవాళ తక్కువ ధరకు దొరికే పోలో ఏదైనా ప్రాయం దాటిన బండే. ఆ వయసు లెక్క మన జిల్లాల్లో నంబర్ ప్లేట్ మీదే సగం కనిపిస్తుంది. ఏపీ 22 అంటే ఉమ్మడి మహబూబ్‌నగర్ బండి, తెలంగాణ వచ్చిన 2014 జూన్‌కు ముందు రిజిస్టర్ అయినది. టీఎస్ 06 అంటే ఆ తర్వాతి మహబూబ్‌నగర్ బండి. 2016 అక్టోబరులో కొత్త జిల్లాలు ఏర్పడ్డాక నాగర్‌కర్నూలుకు 31, వనపర్తికి 32, జోగులాంబ గద్వాలకు 33 వచ్చాయి. టీజీ అని ఉంటే 2024 మార్చి తర్వాతిది.

ఏపీ 22 పోలో కనిపిస్తే రెండు సంగతులు వెంటనే గుర్తుకు రావాలి. మొదటిది ఆర్‌సీ గడువు. సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్ల దాకే చెల్లుతుంది. 2010లో రిజిస్టర్ అయిన బండికి 2025లో ఆ గడువు తీరిపోయింది. ఆ తర్వాత ఫిట్‌నెస్ చూపించి అయిదేళ్లకోసారి పొడిగించుకోవాలి. ‘పేపర్లు క్లియర్’ అన్నవాడు ఈ ముక్క చెప్పడు.

రెండోది ప్రాణానికి సంబంధించినది. 2014 జనవరిలో గ్లోబల్ ఎన్‌క్యాప్ సంస్థ మన దేశంలో అమ్ముతున్న చిన్న కార్లను గంటకు 64 కిలోమీటర్ల వేగంతో గుద్దించి చూసింది. ఎయిర్‌బ్యాగ్‌లు లేని పోలోకు వచ్చింది సున్నా. అదే పోలోకు ముందు రెండు ఎయిర్‌బ్యాగ్‌లు పెట్టి గుద్దిస్తే నాలుగు స్టార్లు వచ్చాయి. దాంతో కంపెనీ ఎయిర్‌బ్యాగ్‌లు లేని పోలోను మార్కెట్ నుంచి తీసేసింది. అందుకే 2014కు ముందున్న పోలోను ‘జర్మన్ బాడీ, ట్యాంకు లెక్కుంటది’ అని ఎవరైనా చూపిస్తే, స్టీరింగ్ మీద, ఎడమవైపు డాష్‌బోర్డు మీద ఎయిర్‌బ్యాగ్ అన్న అచ్చు ఉందో లేదో చూడండి. లేకపోతే ఎంత చవకైనా వద్దు. బీచుపల్లి దగ్గర 44వ నంబరు జాతీయ రహదారి మీద రాత్రిపూట లారీలు ఎలా పోతాయో తెలిసినవాళ్లకు ఇంతకంటే చెప్పక్కర్లేదు.

ఇంజన్ల విషయంలో నాకు గట్టి అభిప్రాయమే ఉంది. మన ఊళ్లకు సాదా పెట్రోల్, చేతి గేర్లు. టర్బో లేని పెట్రోల్ పోలో పరుగులో మందమే, మూడు సిలిండర్ల ఇంజన్ ఎర్రబత్తీ దగ్గర సన్నగా వణుకుతుంది కూడా. కానీ అందులో పాడయ్యే సామాను తక్కువ. 1.6 లీటర్ల పెట్రోల్ వెంటో, మాన్యువల్ గేర్లది, ఒకే చేతి మీద నడిచింది దొరికితే, నా లెక్కలో అదే మేలు. తాగడం కాస్త ఎక్కువ తాగుతుంది. నెలకు వెయ్యి కిలోమీటర్లు తిరిగేవాడికి ఆ తేడా ఒక్క పెద్ద రిపేరు ఖర్చుకు సరిపోదు.

డీజిల్ వేరే కథ. లాగే బలం, మైలేజీ, హైవే నడక అన్నీ దానివే. రోజూ గద్వాల నుంచి హైదరాబాద్ తిరిగేవాడికి డీజిల్‌లో అర్థముంది. అయితే ఆ ఇంజన్లో టైమింగ్ బెల్ట్ ఉంటుంది. రబ్బరు బెల్టు. కింద తిరిగే క్రాంక్‌ను, పైన తిరిగే క్యామ్‌ను కలిపి ఉంచేది అదే. అది నడి రోడ్డు మీద తెగితే వాల్వులు పిస్టన్ల మీద పడతాయి, హెడ్డు పోతుంది, బండి ధరలో పెద్ద భాగం అక్కడే ఖర్చవుతుంది. మైలేజీతో పాటు వయసు కూడా దాన్ని తినేస్తుంది. ‘బెల్ట్ మార్చినం’ అన్న మాట చాలదు, బిల్లు కావాలి. బిల్లు మీద కిలోమీటర్లు, తేదీ ఉండాలి. వాటర్ పంపు కూడా అప్పుడే మార్చారా చూడండి. బిల్లు లేకపోతే మార్చలేదనే అనుకుని, ఆ ఖర్చు ధరలోంచి తగ్గించి మాట్లాడండి.

పాత డీజిల్‌కు ఇంకో చరిత్ర ఉంది. పొగ పరీక్షలో మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టినట్టు 2015 సెప్టెంబరులో అమెరికాలో బయటపడి వోక్స్‌వ్యాగన్ ప్రపంచమంతటా అల్లరైంది. ఆ డిసెంబరులో మన దేశంలో కూడా వోక్స్‌వ్యాగన్, స్కోడా, ఆడి కలిపి 3 లక్షల 23 వేలకు పైగా డీజిల్ బండ్లను వెనక్కి పిలిచి సాఫ్ట్‌వేర్ మార్చాలని నిర్ణయించారు. మీరు చూస్తున్న బండి ఆ రీకాల్‌లో ఉందా, పని పూర్తయిందా అన్నది ఛాసిస్ నంబరు చెబితే అధీకృత సర్వీస్ సెంటర్ వాళ్లు కంప్యూటర్లో చూసి చెప్తారు. అదే కంప్యూటర్లో బండి సర్వీస్ చరిత్ర కూడా ఉంటుంది. అమ్మేవాణ్ణి వెంటబెట్టుకుని వెళ్లి అడిగించండి. రానంటే ఎందుకు రానంటున్నాడో ఆలోచించుకోండి.

డీఎస్‌జీ ఆటోమేటిక్ గురించి ఒక్క ముక్క. 2013లో వచ్చిన పోలో జీటీ టీఎస్‌ఐలో, కొన్ని వెంటోల్లో ఏడు గేర్ల డీఎస్‌జీ ఉంటుంది. బాగున్నంత కాలం దాని హాయి దానిదే. అందులోని మెకట్రానిక్ యూనిట్ పోతే బిల్లు లక్ష దాటుతుంది, బండిని లారీ మీద ఎక్కించి పట్నం పంపాలి. నడిపి చూసేటప్పుడు ఏసీ వేసి, ఇంజన్ బాగా వేడెక్కాక, నడక వేగంలో పోనివ్వండి. ఒకటో గేరు నుంచి రెండుకు మారేటప్పుడు కుదుపు, ఎత్తు మీద వెనక్కి జారడం, గేరు గుర్తు మిణుకు మిణుకుమనడం, వీటిలో ఏది కనిపించినా నమస్కారం పెట్టి వచ్చేయండి. డబ్బు ఉండి కొత్త తరం కావాలంటే వర్టస్, టైగన్‌లలో 1.0 లీటరు మాన్యువల్ చూడండి. రెండూ గ్లోబల్ ఎన్‌క్యాప్‌లో అయిదు స్టార్లు తెచ్చుకున్నవే. పాత జెట్టా, పాసాట్, ఆడిల ధర పడిపోయిందని మురిసిపోకండి. ధర పడింది బండికే, సామానుకు కాదు.

ఇక బండి చూడటం. శనివారం పెబ్బేరు సంతకు పోయి చూడండి, ఎద్దును కొనే రైతు ఎలా చూస్తాడో. ముందు నోరు తెరిచి పళ్లు లెక్కపెడతాడు. గిట్టలు చూస్తాడు, సుడులు చూస్తాడు, నాలుగడుగులు నడిపిస్తాడు, అప్పటిదాకా ధర మాట ఎత్తడు. అదే రైతు కారు దగ్గరకు వచ్చేసరికి ముందు రంగు చూస్తాడు, తర్వాత మ్యూజిక్ సిస్టం పెట్టి చూస్తాడు. ఎద్దు దగ్గర ఉన్న తెలివి కారు దగ్గర ఎటు పోతుందో! మీకు తెలియని విద్యేమీ కాదిది. చూడాల్సిన చోట్లు మాత్రమే మారాయి.

కార్ కన్సల్టెన్సీ దగ్గర మాటలు దాదాపు ఒకే తీరుగా నడుస్తాయి.

‘అన్నా, కండ్లు మూసుకొని తీస్కపో. డాక్టర్ సార్ బండి. షోరూంలనే సర్వీస్ జేయించిండు.’

‘సర్వీస్ బుక్కేది తమ్మీ?’

‘ఆఫీసుల ఉన్నది, రేపిస్త. ముందుగాల బయానా పెట్టు. పొద్దటి సంది ముగ్గురు అడిగి పోయిన్రు.’

ఆ ముగ్గురు ప్రతి బండికీ ఉంటారు. ఆ డాక్టరు గారు కూడా. అతని మీద కోపం అక్కర్లేదు, అతని వృత్తి అది. మీ వృత్తి ఆ రోజు చూడటం మాత్రమే. ఇందుకు ఒక నియమం పెట్టుకోండి: చూసే రోజు వేరు, డబ్బు ఇచ్చే రోజు వేరు. చూసే రోజు జేబులో బయానా డబ్బులు పెట్టుకోవద్దు. ఫోన్‌లో పంపేద్దామన్న చెయ్యి ఆగదనుకుంటే, బేరం నచ్చినా ‘ఇంట్లో అడిగి చెప్త’ అనే మాట ముందే తయారుగా ఉంచుకోండి. సీడ్ పత్తి డబ్బులో, వేరుశనగ డబ్బులో చేతికొచ్చిన వారం ఈ నియమం మరీ అవసరం. చేతిలో సొమ్మున్నవాడి తొందర అమ్మేవాడికి ముఖంలోనే కనిపిస్తుంది.

బండి దగ్గరికి పొద్దున్నే, ముందు చెప్పకుండా పోవడం మేలు. ఇంజన్ చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేయించాలి. ముందే వేడి చేసి పెట్టారా అన్నది బానెట్ మీద చెయ్యి పెడితే తెలుస్తుంది. తర్వాత టైరు పక్కన చిన్న అచ్చులో నాలుగంకెలు వెతకండి. 3219 అంటే 2019లో 32వ వారం తయారైన టైరు. మీటరు మీద 38 వేల కిలోమీటర్లు ఉండి, అప్పటికే టైర్లు రెండుసార్లు మారినట్టుంటే ఆ మీటరు మాట నమ్మక్కర్లేదు. డ్రైవరు సీటు అంచు, గేరు నాబ్, బ్రేకు పెడల్ రబ్బరు, ఇవి అబద్ధం చెప్పవు. తక్కువ తిరిగిన బండికి పెడల్ రబ్బరు నున్నగా అరిగిపోదు. బానెట్ బోల్టుల మీద పాన పట్టిన గీతలు, తలుపు రబ్బరు కింద వేరే షేడ్ పెయింట్ కనిపిస్తే డెంటింగ్ పని జరిగిందన్నట్టే. చిన్న గీత పోగొట్టుకున్నది తప్పు కాదు, ముందు భాగమంతా మార్చి దాచింది తప్పు. ఛాసిస్ నంబరు బండి మీద చెక్కినది, ప్లేటు మీద ఉన్నది, ఆర్‌సీ మీద ఉన్నది మూడూ అంకె అంకె కలవాలి.

సీటు బెల్టు పూర్తిగా బయటికి లాగండి. చివర బురద మరకో, ముక్క వాసనో ఉంటే నీళ్లలో మునిగిన బండి. కార్పెట్ ఎత్తి సీటు పట్టాల తుప్పు చూడండి. హైదరాబాద్‌లో 2020 అక్టోబరు వానలకు, విజయవాడలో 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు కాలనీల్లో నిలబడ్డ కార్లు ఎన్నో మునిగాయి. అలాంటివి కడిగి, ఎండబెట్టి, నాలుగు జిల్లాల అవతల అమ్ముతారు. వోక్స్‌వ్యాగన్‌లో కంప్యూటర్ మాడ్యూళ్లు ఎక్కువ కాబట్టి, నీళ్లు తాగిన బండి ఏడాదంతా ఏదో ఒక లైటు వెలిగిస్తూనే ఉంటుంది.

నడిపి చూడటానికి నున్నటి హైవే ఒక్కటే చాలదు. హైవే మీద బ్రేకు వేసినప్పుడు బండి ఒక పక్కకు లాగుతుందా చూడండి. ఆ తర్వాత ఊళ్లోకి తిప్పి, కిటికీలు దించి, స్పీడ్ బ్రేకర్ల మీద నెమ్మదిగా పోనివ్వండి. ముందు చక్రాల దగ్గర టక్కు టక్కుమంటే లింక్ రాడ్లో, బుష్‌లో, పైనున్న మౌంటింగ్‌లో పోయి ఉంటాయి. పోలోల్లో ఇది మామూలు, భయపడేది కాదు, ధర తగ్గించుకునేది. పవర్ విండోలు నాలుగూ పైకీ కిందికీ తిప్పండి. ఏసీ మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్షించండి, ఏప్రిల్‌లో అయితే మరీ మంచిది. చివరికి మీ మెకానిక్‌తో స్కానర్ పెట్టించండి. ఈ బండ్లలో ఫాల్ట్ నమోదైనప్పుడు అప్పటి కిలోమీటర్లు కూడా దాని పక్కనే పడతాయి. మీటరు 60 వేలు చూపిస్తూ, పాత ఫాల్ట్ 90 వేల దగ్గర నమోదై ఉంటే ఇక మాట్లాడేదేముంది?

అమ్మేవాడు ఎవరో తేల్చుకోవడం అన్నిటికంటే ముందు చేయాల్సిన పని. ఇందులో సర్కారే దెబ్బతిన్నది. 2005లో వోక్స్‌వ్యాగన్ ఫ్యాక్టరీ విశాఖపట్నానికి వస్తుందని అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం వశిష్ట వాహన్ అనే కంపెనీకి 11 కోట్ల రూపాయలకు పైగా ఇచ్చింది. ఆ కంపెనీతో తమకు సంబంధం లేదని జర్మనీ సంస్థ చెప్పింది. ఫ్యాక్టరీ పుణె దారి పట్టింది, కేసు సీబీఐకి పోయింది. ఐఏఎస్‌లు, లాయర్లు ఉన్న ప్రభుత్వమే డబ్బు ఎవరి ఖాతాలోకి పోతోందో చూసుకోకపోతే, ఒంటరిగా కన్సల్టెన్సీకి పోయే మీరు ఎంత చూసుకోవాలి? ఆర్‌సీలో ఉన్న మనిషి ఎదురుగా కూర్చోవాలి. ఆయన ఆధార్‌లో పేరు, బ్యాంకు ఖాతా పేరు, ఆర్‌సీ పేరు ఒకటే కావాలి. డబ్బు ఆ ఖాతాలోకే పోవాలి. 2023 ఏప్రిల్ నుంచి అమలైన కేంద్ర నిబంధనల ప్రకారం పాత బండ్ల డీలర్లకు రవాణాశాఖ అధీకృత పత్రం ఉండాలి. ఉందా అని అడగడంలో మొహమాటం వద్దు.

పక్క రాష్ట్రం బండ్ల సంగతి మన జిల్లాలకు ప్రత్యేకం. గద్వాల నుంచి రాయచూరు, కర్నూలు కూతవేటు దూరం. అందుకే కేఏ 36 బండ్లు, ఏపీ 21, ఏపీ 39 బండ్లు ఎర్రవల్లి చౌరస్తా చుట్టూ బాగా అమ్మకానికొస్తాయి. ధర తక్కువ కనిపిస్తుంది. ఆ తక్కువలో తెలంగాణ లైఫ్ ట్యాక్స్ లేదు. అక్కడి ఆర్టీఏ నుంచి ఫారం 28 ఎన్‌ఓసీ తేవాలి, ఇక్కడ ట్యాక్స్ కట్టాలి, రిజిస్ట్రేషన్ మార్చుకోవాలి. అక్కడి నంబరుతో పన్నెండు నెలలకు మించి ఇక్కడ తిప్పడానికి మోటారు వాహనాల చట్టం ఒప్పుకోదు. ఢిల్లీ బండ్లకు ఇంకో కథ ఉంది: అక్కడ పదేళ్లు దాటిన డీజిల్, పదిహేనేళ్లు దాటిన పెట్రోల్ బండ్ల మీద 2015 నుంచి కోర్టుల ఆంక్షలు నడిచాయి, అందుకే అవి చవకగా బయటికొచ్చాయి. తెలంగాణలో అవి తిరగొచ్చు గానీ, లైఫ్ ట్యాక్స్ కలిపాక ఎంతవుతుందో లెక్క వేసిన తర్వాతే బేరం చేయండి.

మిగతా కాగితాలు త్వరగా చెప్తాను. ఫైనాన్స్ ఉంటే బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35. పెండింగ్ చలాన్లు ఉన్నాయేమో తెలంగాణ పోలీసుల ఈ-చలాన్ సైట్‌లో చూడండి. ఇన్సూరెన్స్ పద్నాలుగు రోజుల్లో మీ పేరు మీదికి మార్పించుకోండి. పాత ఓనరు నో క్లెయిమ్ బోనస్ ఆయనదే, మీకు రాదు, ఆ తేడా మీరు కట్టాలి. ‘మార్చుకోకపోయినా ఏమైతది’ అనేవాళ్లుంటారు. ప్రమాదం జరిగితే రికార్డులో పేరున్న మనిషే నష్టపరిహారానికి బాధ్యుడని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అమ్మే పెద్దమనిషికి ఇది చెప్పి చూడండి, ట్రాన్స్‌ఫర్‌కు ఆయనే తొందరపడతాడు.

ధర దగ్గర ఒక జాగ్రత్త. మీ బడ్జెట్ నాలుగు లక్షలైతే బండికి పెట్టాల్సింది మూడు లక్షల ఇరవై వేలు. మిగతా ఎనభై వేలు వేరే ఖాతాలో ఉంచండి. బెల్టు, టైర్లు, బ్యాటరీ, సస్పెన్షన్, ఇన్సూరెన్స్, వీటిలో ఏవో కొన్ని మొదటి ఏడాదే అడుగుతాయి. మొత్తం డబ్బు బండికే పోసి, మొదటి రిపేరుకు అప్పు చేసినవాడు ఆ బండిని తిట్టుకుంటూ నష్టానికి అమ్మేస్తాడు. ఇలా అమ్మేసిన పోలోలే మళ్లీ మన కన్సల్టెన్సీల ముందు నిలబడి ఉంటాయి.

బేరం కుదిరాక ఫారం 29, 30 మీద ఎదురుగా సంతకాలు పెట్టించుకోండి, ఖాళీ ఫారాల మీద పెట్టిన సంతకాలు తీసుకోవద్దు. ట్రాన్స్‌ఫర్ దరఖాస్తుకు చట్టం కొన్నవాడికి ముప్పై రోజులు ఇస్తుంది. డబ్బులో ఇరవై ముప్పై వేలు ఆపి, ఆర్‌సీ మీ పేరు మీదికి వచ్చిన రోజు ఇస్తానని కాగితం మీద రాసుకోండి. అందుకు ఒప్పుకోని అమ్మకందారు దగ్గర ఎంత మంచి పోలో ఉన్నా కొనకండి.